మిల్లు అనుకున్నది

మాదాపూర్‌లో ఆ ఆఫీసు పేరు వింటే పెద్ద కంపెనీ అనుకుంటారు గానీ, నిజానికి అది ఒక మూడంతస్తుల ఇంట్లో పై రెండు అంతస్తులు. కింద ఇంటివాళ్ళు ఉండేవారు, వాళ్ళ పోపు ఘాటు పైకి వచ్చేది. కిటికీలోంచి చూస్తే కొత్తగా కట్టిన హైటెక్ సిటీ గుండ్రటి భవనం నిగనిగలాడుతూ కనిపించేది. దాని చుట్టూ ఇంకా పగలగొట్టాల్సిన బండలు. విజిటింగ్ కార్డుల మీద మాత్రం మనవాళ్ళు హైటెక్ సిటీ అనే వేసుకున్నారు. చుట్టుపక్కల అందరూ అదే పని చేస్తున్నప్పుడు వీళ్ళొక్కళ్ళే సత్యహరిశ్చంద్రులు కావాలనడం అన్యాయం.

అక్కడ చేసే పని మ్యాపులు గీయడం. ఎక్కడో విదేశాల్లో విమానంలోంచి తీసిన ఫొటోలు వచ్చేవి. వాటిని కంప్యూటరు తెర మీద పెట్టుకుని, మౌస్‌తో ప్రతి ఇంటి కప్పు చుట్టూ, ప్రతి రోడ్డు వెంట, ప్రతి ఏటి గట్టు మీదా గీత గీయాలి. గీశాక అదేమిటో చెప్పాలి. ఇల్లయితే ఒక కోడ్, బడి అయితే ఒకటి, ఆసుపత్రి, ప్రార్థనా మందిరం, గోడౌను, ఫ్యాక్టరీ, దేనిది దానికే. ఏ దేశమో ఏ ఊరో ఎవరూ చెప్పరు. ఫొటోకొక నంబరుంటుంది, అంతే. పేరు తెలియని ఊళ్ళో ఇంటింటి చుట్టూ తిరిగే ఈ వింత ఉద్యోగానికి డిగ్రీలు చదివిన పిల్లలు షిఫ్టులవారీగా వచ్చి కూర్చునేవారు.

కోడ్‌లలో అన్నిటికన్నా చివరిది "తెలియదు". పైనుంచి చూస్తే ఏ కప్పు కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది? నిజాయితీగా పని చేస్తే సగం ఊరికి అదే కొట్టాలి. క్లయింటుకి అది గిట్టదు. "తెలియదు"లు కాస్త ఎక్కువైతే పనంతా తిప్పి పంపేవాడు. అందుకని మేనేజరు సోమేశ్వరరావు రోజూ ఒకటే పాట పాడేవాడు. కాస్త బుర్ర వాడండి, చూసి ఊహించండి, తెలియదని రాయడానికి మనమెందుకు అని.

ఊహించడంలో ప్రవీణను కొట్టినవాళ్ళు ఆ హాల్లో లేరు. ఆమెది పశ్చిమగోదావరిలో అత్తిలి దగ్గర ఊరు. తండ్రి బుల్లిబాబు రైసుమిల్లులో గుమాస్తా. మిల్లు ఆవరణలోనే వాళ్ళ ఇల్లు. ఉప్పుడు బియ్యం మిల్లు కాబట్టి దానికి బాయిలరు ఉండేది, బాయిలరుకి ఎత్తయిన పొగగొట్టం. ధాన్యం ఉడకబెట్టాక ఆరబోయడానికి పక్కనే విశాలమైన సిమెంటు గచ్చు. ప్రవీణ ఆ గచ్చు మీద తొక్కుడుబిళ్ళ ఆడి పెరిగింది. అందుకే ఆ చలికాలంలో కొత్త ఫొటోల్లో ఒక పొడవాటి కప్పు, దాని వెనక నేల మీద సన్నగా పడిన పొగగొట్టం నీడ, పక్కన తెల్లటి సిమెంటు గచ్చు కనబడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పరాయి దేశంలో తెలిసినవాళ్ళు ఎదురైనట్టుంది. ఇది మిల్లు అంది. ఫ్యాక్టరీ కోడ్ కొట్టింది.

అంతటితో ఊరుకుంటే ఒక్క తప్పుతో పోయేది. మర్నాడు పక్క సీటు పిల్ల అలాంటిదే చూసి తెలియదు కొట్టబోతుంటే ప్రవీణ చెయ్యి పట్టుకుని ఆపింది. పొడుగు కప్పు, పొగగొట్టం, గచ్చు, మూడూ ఉంటే మిల్లే అని చెప్పింది. టీమ్ లీడర్ రవీందర్ విని బాగుందన్నాడు. రవీందర్‌ది కోకాపేట, అక్కడి పొలాల మధ్య పుట్టినవాడు, మిల్లుల సంగతి వాడికేం తెలుసు? వారం తిరిగేసరికి అది హాలంతటికీ ప్రవీణ రూల్ అయిపోయింది. సోమేశ్వరరావు అందరి ముందూ మెచ్చుకుని, ఇదమ్మా బుర్ర వాడటమంటే అన్నాడు. ఆ రాత్రి ప్రవీణ ఇంటికి ఉత్తరం రాస్తే అందులో సగం ఆ ముచ్చటే.

ప్రవీణ బోరబండలో కిష్టమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. కిష్టమ్మ ఆ ఊరి మనిషే, పెద్ద గొంతు, పెద్ద మనసు. కిరాయిదారు పిల్ల అన్నం తిందో లేదో చూడటం కూడా ఇంటి ఓనరు పనే అని ఆవిడ నమ్మకం. సాయంత్రం ప్రవీణ ఏడుసీట్ల ఆటో దిగి వచ్చేసరికి టీవీలో వార్తలు నడుస్తుండేవి. ఇద్దరూ దాని ముందే కూర్చుని భోజనం చేసేవారు.

ఆ వేసవి మొదట్లో ఐరోపాలో ఓ మూల యుద్ధం మొదలైంది. యుద్ధమంటే రెండు వైపులా కొట్టుకోవడం కాదు. ఒకవైపు వాళ్ళు ఆకాశంలో ఉన్నారు, రెండోవైపు వాళ్ళు కింద ఉన్నారు. రోజూ టీవీలో వంతెనలు కూలుతున్నాయి, జనం బండ్ల మీద మూటలు వేసుకుని పోతున్నారు. ప్రవీణ చూసి అయ్యో అనుకునేది, కూరలో ఉప్పు చాలకపోతే వేసుకునేది. ఆ దేశం పేరు పలకడానికి కూడా ఇద్దరికీ నోరు తిరిగేది కాదు.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం టీవీలో ఒక ఊరిని పైనుంచి చూపించారు. నది కొడవలిలా వంపు తిరిగింది. వంపు దగ్గర పాత రాతి వంతెన. వంతెనకు ఆవలి గట్టున సన్నటి రోడ్డు రెండుగా చీలింది. ప్రవీణ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ చీలిక దగ్గర మూడు చిన్న ఇళ్ళు, తర్వాత ఒక తోట, తోట దాటితే పొడవాటి కప్పు ఉండాలి. ఆమె మనసులో అనుకుంటుండగానే కెమెరా తోట దాటింది. అక్కడ కప్పు లేదు. గోడలు సగానికి విరిగి ఉన్నాయి. ఇనుప మంచాలు గచ్చు మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక నర్సు ఎవరినో దుప్పటిలో చుట్టి ఎత్తుకుని పోతోంది, ఆ దుప్పటిలోంచి చిన్న కాలొకటి కనిపిస్తోంది. వెనకాల పొగగొట్టం మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

అది ఊపిరితిత్తుల జబ్బున్న పిల్లల ఆసుపత్రి అనీ, పిల్లలు చనిపోయారనీ వార్తలు చదివే అమ్మాయి చెప్పింది. తమ దగ్గరున్న సమాచారం ప్రకారం అది ఫ్యాక్టరీ అని దాడి చేసినవాళ్ళు ప్రకటించారనీ, పొరపాటుకు విచారం వెలిబుచ్చారనీ చెప్పింది. తర్వాత క్రికెట్ స్కోరు చదివింది.

"దవాఖానకు గంత పెద్ద పొగగొట్టం ఎందుకు బిడ్డా?" అని అడిగింది కిష్టమ్మ.

ప్రవీణకు జవాబు అప్పుడే తట్టింది. అది చలిదేశం. చలిదేశంలో బాయిలరు ధాన్యానికి కాదు, మనుషులకి. గదులు వెచ్చగా ఉండటానికి, పిల్లలకి వేడినీళ్ళకి. ఆ తెల్లటి గచ్చు కూడా వడ్లు ఆరబోయడానికి కాదు. ఎండ వచ్చిన పూట జబ్బు పిల్లల్ని మంచాలతో సహా బయటికి తెచ్చి ఎండలో పడుకోబెట్టడానికి. మే నెలలో నడిరోడ్డు మీద తారు కరిగే ఊళ్ళో పుట్టిన పిల్లకి, ఎండ కోసం మొహం వాచినవాళ్ళు ఉంటారని ఎలా తడుతుంది? కంచం పక్కన పెట్టి లేచి చెయ్యి కడిగేసుకుంది. జర తిను బిడ్డా, ఏమైంది, పాణం మంచిగ లేదా అని కిష్టమ్మ అడుగుతూనే ఉంది.

మర్నాడు అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళి ఆ ఫొటో తెరిచింది. తను గుర్తుపట్టింది తప్పయి ఉంటే బాగుండునని దారి పొడుగునా కోరుకుంది. తప్పు కాలేదు. నది వంపు, వంతెన, చీలిన రోడ్డు, మూడిళ్ళు, తోట, పొడుగు కప్పు. చుట్టూ తను గీసిన గీత. లోపల ఫ్యాక్టరీ కోడ్. ఇంకా దగ్గరగా చేసి చూసింది. ఊక ఏదీ? మిల్లన్నాక వెనకాల ఊక గుట్ట ఉండదా? వాళ్ళ ఊరి మిల్లు వెనక ఊక కొండంత ఉండేది, గాలొస్తే కళ్ళల్లో పడేది. ఇది తను మొదటిరోజే గమనించింది కూడా. విదేశాలవాళ్ళు శుభ్రంగా ఉంటారు కదా, ఎప్పటికప్పుడు ఎత్తేస్తారేమోలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మెచ్చుకోలు కోసం ఉబలాటపడే మనిషికి ఆ మాత్రం సర్దుబాటు ఒక లెక్కా?

రవీందర్ రాగానే చూపించింది. అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. దానితో పాటు ఒకే వరస నంబర్లతో వచ్చిన ఫొటోలన్నిట్లో ప్రవీణ రూల్‌తో ఫ్యాక్టరీలైన వాటిని ఇద్దరూ ఒక్కొక్కటే వెతికారు. కొన్నిటి ముందు లారీలు ఉన్నాయి, రైలు పట్టాలు ఉన్నాయి, అవి నిజంగానే ఫ్యాక్టరీలు. కూలిపోయినది కాక ఇంకో నాలుగు మాత్రం అలా లేవు. గచ్చు ఉంది, చెట్లు ఉన్నాయి, లారీలు లేవు. నాలుగూ నాలుగు ఊళ్ళలో ఉన్నాయి. ఆ ఊళ్ళ మీద ఇంకా విమానాలు తిరుగుతూనే ఉన్నాయి.

"నేను గూడ నీ రూలే వాడిన. రెండు నావే," అన్నాడు రవీందర్. "పరేషాన్ గాకు. సార్‌కు చెప్తం, ఇయ్యాల్నే దిద్ది పంపిద్దం."

సోమేశ్వరరావు చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పుకోవాలి, లేకపోతే కథ సులువైపోతుంది. గుంటూరు జిల్లా మనిషి, నీటిపారుదల శాఖలో సర్వే చేసి రిటైరై, ఈ కంపెనీ పెట్టినవాళ్ళ మాట కాదనలేక వచ్చాడు. ఆడపిల్లలకి ఆలస్యమైతే జీపిచ్చి ఇంటికి పంపేవాడు, జ్వరం వస్తే సెలవు అడక్కుండానే ఇచ్చేవాడు. ప్రవీణ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. ఫొటో చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, మన క్లయింటు టెలిఫోన్ కేబుళ్ళు వేసుకునేవాడు. వాడి మ్యాపు చూసి ఎవరైనా బాంబులేస్తారా? అన్ని విమానాలున్నవాళ్ళకి సొంత మ్యాపులుండవా?"

"ఉంటాయేమోనండి. మరి వాళ్ళు కూడా ఫ్యాక్టరీ అనే ఎందుకన్నారండి?"

"పైనుంచి చూస్తే నీకూ అలాగే కనిపించింది కదమ్మా. వాళ్ళకీ కనిపించి ఉంటుంది."

అది నిజమే కావచ్చు. తను గీసిన గీతకీ ఆ పిల్లల చావుకీ ఏ సంబంధమూ లేకపోవచ్చు. ఉండనూవచ్చు. ఇప్పటికీ ఎప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేని సంగతి అది. అయినా మిగిలిన నాలుగింటినీ దిద్ది పంపేద్దామండి, అవి ఆసుపత్రులో కావో మనకి తెలియదు కాబట్టి తెలియదు అనే పెడదాం అంది.

కాంట్రాక్టు మళ్ళీ రాసుకునే సమయం ఇదేననీ, మన నాణ్యత చూసే ఇస్తున్నారనీ, ఇప్పుడు మనంతట మనమే వెళ్ళి మాకు మిల్లుకీ ఆసుపత్రికీ తేడా తెలియదని ఒప్పుకుంటే ఆ పని ఇంకో ఊరికి పోతుందనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. హాల్లోకి చెయ్యి చూపించాడు. అందరూ వంగి గీతలు గీస్తున్నారు. వీళ్ళందరూ వీధిలో పడతారమ్మా అన్నాడు. ఆ మాట కోసం గొంతు పెంచలేదు, అందుకే అది బాగా తగిలింది.

"సంతకాలు కానీ. ఆ మర్నాడే నేనే పంపిస్తాను. నామీద నమ్మకముంటే అంతవరకూ ఆగు."

ప్రవీణ సరేనంది. ఎందుకంది? హాల్లో వాళ్ళ కోసమే అని చాలాసార్లు చెప్పుకుంది. అది సగం నిజం. మిగతా సగం భయం. వాళ్ళింట్లో నెలజీతం తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల తను, ఊళ్ళో అందరికీ చెప్పుకుని మురిసిపోయే తండ్రి ఉన్నాడు, తప్పు చేసి వచ్చేశానని ఆయనకి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? పెద్దమనిషి మాట ఇచ్చాడు కాబట్టి ఆగడం మర్యాద కూడా. మన మర్యాదలు ఇలాంటప్పుడే బాగా గుర్తొస్తాయి.

ఆగడం అనుకున్నంత తేలిక కాలేదు. సాయంత్రం వార్తలు అయ్యేవరకూ ఆమె టీవీ ముందునుంచి లేచేది కాదు. ఆ నాలుగు ఊళ్ళ నదులూ, రోడ్లూ, గుట్టలూ కంఠతా వచ్చు. ఎక్కడ పొగ కనిపించినా చుట్టూ ఏముందో వెతికేది. కానీ కెమెరాలకు పెద్ద ఊళ్ళు కావాలి, ఈ చిన్న ఊళ్ళ మీద ఏం పడిందో ఎవడు చూపిస్తాడు? పొద్దున్నే పేపరు మొత్తం తిరగేసేది, ఎక్కడా ఏమీ ఉండేది కాదు. ఏమీ లేకపోతే ఊపిరి పీల్చుకునేది, మరుక్షణం మళ్ళీ అనుమానం. కిష్టమ్మ చూసి చూసి, పెండ్లి సంబంధం ఏమన్న తప్పిపోయిందా బిడ్డా, నాకు చెప్పరాదు అని ఒకరోజు అడిగేసింది. ప్రవీణకు నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది.

ఇక పట్టలేక ఒక ఆదివారం అమీర్‌పేట వెళ్ళి ఇంటర్నెట్ సెంటరులో కూర్చుంది. పని నేర్పడానికి క్లయింటు తరఫున వచ్చి వెళ్ళిన తెల్లావిడ పోతూ పోతూ అందరికీ కార్డులు పంచింది. ఆ చిరునామాకి, వచ్చీ రాని ఇంగ్లీషులో జరిగిందంతా రాసింది. నాలుగు ఫొటోల నంబర్లూ ఇచ్చింది. ఇవి ఫ్యాక్టరీలు కావు, దయచేసి ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పండి అని రాసింది. పంపాక ఆ రోజంతా తేలిగ్గా ఉంది, చాన్నాళ్ళకి కడుపునిండా తింది.

జవాబు సోమేశ్వరరావుకి వచ్చింది. సిబ్బంది నేరుగా రాయకూడదనీ, ఏమైనా ఉంటే కంపెనీ తరఫున పంపమనీ రెండు ముక్కలు రాసి, కింద ప్రవీణ మెయిలంతా అతికించారు. ఆయన పిలిచి చూపించాడు. తిట్టి ఉంటే ప్రవీణ బదులు చెప్పేదేమో. ఆయన తిట్టలేదు.

"నా మాట మీద నమ్మకం లేకపోయిందా అమ్మా?" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ప్రవీణ తల దించుకుని వచ్చేసింది. ఆ తర్వాత ఎక్కడా నోరెత్తలేదు.

మే నెలాఖరుకి ఆ పరాయి యుద్ధాన్ని పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. మన సరిహద్దులోనే కొండల మీద యుద్ధం వచ్చింది. మన విమానాలు వెళ్ళి బాంబులు వేశాయని తెలిసిన రోజు హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరో మిఠాయి పంచారు. ప్రవీణ కూడా చప్పట్లు కొట్టింది. మనవాళ్ళు ప్రాణాలకి తెగించి పోరాడుతుంటే కొట్టకుండా ఎలా ఉంటుంది? రెండు చప్పట్లయ్యాక చేతులు ఆగిపోయాయి. కింద ఎవరైనా ఉన్నారేమో అంది పైకే. పక్క సీటు పిల్ల వింతగా చూసి, అవి మంచు కొండలు, అక్కడ ఊళ్ళెక్కడివి అంది. ఎవరు చెప్పారు అని ప్రవీణ అడిగింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమెతో కలిసి ఎవరూ భోజనానికి కూర్చోలేదు, రవీందర్ తప్ప.

చెప్పిన ప్రకారమే సోమేశ్వరరావు, జూన్ మొదట్లో సంతకాలైన మర్నాడు, దిద్దుబాట్లు పంపాడు. ప్రవీణను పిలిచి తన ఎదురుగానే పంపాడు. అందాయి, తర్వాత వేసే మ్యాపులో చేరుస్తాం, ధన్యవాదాలు అని జవాబు వచ్చింది. అంత మర్యాదగా ముగిసింది. వారం తిరక్కుండానే ఆ పరాయి యుద్ధం ఆగిపోయింది. ఆ సాయంత్రం టీవీలో జనం వీధుల్లోకి వచ్చి నవ్వుతుంటే ప్రవీణ కిష్టమ్మను పట్టుకుని ఏడ్చింది. ఎందుకో అర్థం కాకపోయినా ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది. ఆ నాలుగూ కూలలేదు, కూలి ఉంటే ఎక్కడో ఒక ముక్క వచ్చేది కదా అని ప్రవీణ నమ్మడం మొదలుపెట్టింది. నమ్మకం అలవాటైతే నిద్ర పడుతుంది. వానలు పడేసరికి ఆమె మామూలు మనిషైంది.

ఆగస్టులో సోమేశ్వరరావు స్వయంగా మైసూర్‌పాక్ ప్యాకెట్లు తెచ్చి పంచాడు. కొత్త పని వచ్చింది, ఇంకో పాతికమందిని తీసుకుంటున్నాం అన్నాడు. యుద్ధంలో పాడైన ఊళ్ళకి టెలిఫోన్ కేబుళ్ళు మళ్ళీ వెయ్యాలి కాబట్టి కొత్తగా విమానంలోంచి ఫొటోలు తీశారట. పాత మ్యాపు పక్కన పెట్టుకుని ఏది నిలబడింది, ఏది కూలింది గుర్తు పెట్టాలి. కూలినవాటికి కొత్త కోడ్ ఇచ్చారు. ఆ ఊళ్ళ మ్యాపులు నీకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారమ్మా అని వాటిని ప్రవీణకే అప్పగించాడు. ఆయన మనసులో అది ఒక రకం బహుమతి.

ప్రవీణ మైసూర్‌పాక్ పక్కన పెట్టి రవీందర్‌ను పిలిచింది. మొదటి ఊరు తెరిచారు. తన పాత గీత కొత్త ఫొటో మీద ఎర్రగా పడింది. గీత లోపల పొడుగు కప్పు భద్రంగా ఉంది. రవీందర్ గట్టిగా ఊపిరి వదిలాడు. రెండో ఊరు తెరిస్తే అదీ భద్రంగా ఉంది. మూడోది అతను గీసింది, దాని ముందు చెట్లు కూడా చెక్కుచెదరలేదు. ప్రవీణకు కళ్ళు చెమర్చాయి, నవ్వు ఆగలేదు. పెద్దాయన చెప్పిందే నిజమేమో, ఎవరూ మన మ్యాపు చూసి ఉండరు, ఇన్నాళ్ళూ అనవసరంగా నన్ను నేను తినేశాను అంది. నాలుగోది ఆ నవ్వుతోనే తెరిచింది.

గీత లోపల కప్పు లేదు.

ఉన్న ఒక్క బాంబు గుంటా సరిగ్గా గీత మధ్యలో ఉంది. చుట్టుపక్కల ఇళ్ళు అలాగే ఉన్నాయి. గోడల మొదళ్ళు మాత్రం మిగిలి, లోపలంతా మసి. పక్కన పాతబడి నల్లబారిన గచ్చు మీద విరిగిన పెంకులు రాలి ఉన్నాయి. వాటి కింద, ఆ గచ్చు ఈ మూల నుంచి ఆ మూలకి, సున్నంతో వేసిన పెద్ద అడ్డగీత, నిలువు గీత.

"గదేంది?" అన్నాడు రవీందర్. అడుగుతూనే గుర్తుపట్టాడు.

ఆసుపత్రి గుర్తు. పైనున్నవాళ్ళకి కనబడాలని అంత పెద్దది వేశారు. గీతలు తిన్నగా లేవు, కొన్నిచోట్ల సున్నం పల్చబడింది, అలవాటు లేని చేతులు చీపుళ్ళతో వేసినట్టుంది. పాత ఫొటోలో ఈ గుర్తు లేదు. ఎప్పుడు వేసి ఉంటారో ప్రవీణ ఆలోచించింది, ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. నది వంపు దగ్గర పిల్లల ఆసుపత్రి కూలిన వార్త వాళ్ళూ విని ఉంటారు. మనదీ అలాగే ఉంటుంది, మనల్నీ ఫ్యాక్టరీ అనుకుంటారు అని భయపడి సున్నం కలిపి ఉంటారు. అంటే ఈ కప్పు కూలింది ఆ తర్వాతే. ఇక్కడ సంతకాల కోసం ఆగిన రోజుల్లో. తను తల దించుకుని వచ్చి కూర్చుని, నోరెత్తని రోజుల్లో.

"మనం చెప్పలేదు. వాళ్ళే చెప్పుకున్నారు," అంది ప్రవీణ.

రవీందర్ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఏమనుకున్నాడో తీసేశాడు. వెనకాల ఎవరో మైసూర్‌పాక్ ఇంకో ముక్క కోసం నవ్వుతూ దెబ్బలాడుకుంటున్నారు. తెర మీద కోడ్ అడుగుతూ గడి మిణుకుమంటోంది. కూలినది అని కొట్టి ముందుకు పోవచ్చు, అడిగింది అంతే. ప్రవీణ మౌస్ పట్టుకుని ఆ సున్నపు గీతల అంచు వెంట మెల్లగా గీయడం మొదలుపెట్టింది. గీత వంకర పోయినప్పుడల్లా చెరిపి మళ్ళీ గీసింది.